నరాల నొప్పికి డిప్రెషన్ మాత్ర రాశారా? ఇలా వాడండి

"ఇది పిచ్చికిచ్చే మాత్రట కదా బాబూ? డాక్టరు గారు నాకు మతి చెడిందనుకున్నారా?"

పోయిన వేసవిలో ఒక పెద్దావిడ సగం వాడిన స్ట్రిప్ తెచ్చి మా షాపు కౌంటర్ మీద పెట్టి అడిగిన మాట ఇది. షుగర్ వచ్చి పన్నెండేళ్లయిందట. అరికాళ్లలో మంటలు. రాత్రి తడి తువ్వాలు చుట్టుకుని పడుకుంటేగానీ నిద్ర పట్టదు. డాక్టరు అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు. రెండు రాత్రులు వేసుకున్నారు. మూడో రోజు మనవడు ఫోన్‌లో పేరు కొట్టి చూసి "నానమ్మా, ఇది డిప్రెషన్ మందు" అన్నాడు. అంతే, ఆపేశారు.

పదిహేడేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. వారంలో ఒకరిద్దరైనా ఇదే ప్రశ్న అడుగుతారు. కొందరు అడగను కూడా అడగరు, మాత్రలు అల్మరాలో పడేసి నొప్పి భరిస్తూ ఉంటారు. నాకు బాధ కలిగించేది అదే. మందు పని చేయక ఆపేసినవాళ్ల కంటే, పని చేసే లోపే ఆపేసినవాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తారు. అందుకే ఇది రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. రాసిన మందును సరిగ్గా ఎలా వాడాలో, ఫలితం ఎలా చూసుకోవాలో ఇక్కడ చెబుతాను.

ముందు ఆ అనుమానం తీర్చుకోండి

నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో, వెన్నుపాము దగ్గర దాన్ని తగ్గించే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది. అది నార్ అడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలతో నడుస్తుంది. ఈ మందులు వాటిని ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. మనసు బాగుండడానికీ అవే రసాయనాలు కావాలి కాబట్టి ఒకే మందు రెండు చోట్లా పనికొస్తోంది. డిప్రెషన్ లేనివాళ్లకు కూడా నొప్పి తగ్గుతుంది. పైగా నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ మోతాదు డిప్రెషన్‌కు వాడేదానికంటే బాగా తక్కువ. డులాక్సెటిన్ అనే ఇంకో మందుకు షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పి కోసమే అమెరికాలో మందులను పరిశీలించి అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో అనుమతి ఇచ్చింది. కాబట్టి డాక్టరు మిమ్మల్ని నమ్మలేదనో, నొప్పి ఉత్తిదే అనుకున్నారనో బాధపడకండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- డాక్టరు చీటీ. ఇవి చీటీ లేకుండా కొనాల్సిన మందులు కావు.
- మీరు వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్‌లు, ఒక సంచిలో. బీపీ, షుగర్, గ్యాస్, ఆయుర్వేదం, బలానికి వేసుకునేవి, అన్నీ.
- ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను.
- ఇటీవలి రక్తపరీక్షలు: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష, బి12 విటమిన్. ఉంటే ఈసీజీ.
- ఆరు నుంచి ఎనిమిది వారాల ఓపిక.

1. మీది నరాల నొప్పేనా, చూసుకోండి

మంట, సూదులు గుచ్చినట్టు ఉండడం, కరెంట్ షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, చీమలు పాకినట్టు ఉండడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం, ఇవీ నరాల నొప్పి గుర్తులు. షుగర్ వల్ల వచ్చేది సాధారణంగా రెండు పాదాల్లోనూ వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. సర్పి తగ్గాక అదే చోట నెలల తరబడి మిగిలిపోయే నొప్పి ఇంకో రకం. మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, నడిస్తే పిక్కలు పట్టేసి నిలబడితే తగ్గే నొప్పి వేరు. చివరిది రక్తనాళాలది కావచ్చు, దానికి వేరే పరీక్షలు కావాలి.

కారణం వెతకకుండా నొప్పి మాత్ర ఒక్కటే మింగడం మొదటి తప్పు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 తగ్గి కాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. మద్యం, థైరాయిడ్, టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, కుష్టు వ్యాధి, ఇవన్నీ నరాలను దెబ్బతీస్తాయి. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే తప్పకుండా డాక్టరుకు చూపించండి.

ఒక మినహాయింపు. ముఖంలో ఒకవైపు మెరుపులా కొట్టి, బ్రష్ చేసినా అన్నం నమిలినా లేచే నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా కావచ్చు. దానికి ముందుగా వాడేది కార్బమాజెపిన్. ఈ మాత్రలు కాదు.

హెచ్చరిక: కాళ్ల నొప్పితో పాటు అకస్మాత్తుగా కాలు బలహీనపడినా, మూత్రం మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఏ మాత్రకూ ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

2. డాక్టరు అడగకపోయినా ఇవి చెప్పండి

ఓపీలో జనం ఎక్కువుంటే అన్నీ అడిగే సమయం ఉండదు. మీరే చెప్పండి: గుండెపోటు వచ్చిందా, గుండె దడ ఉందా, కంట్లో నీటికాసులు ఉన్నాయా, ప్రొస్టేట్ పెరిగి మూత్రం సన్నగా వస్తోందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, లివర్ లేదా కిడ్నీ జబ్బు ఉందా, గర్భం ఉందా, పాలిస్తున్నారా, మద్యం తాగుతారా, ఇదివరకు మానసిక వైద్యం తీసుకున్నారా, ముఖ్యంగా బైపోలార్ అని చెప్పారా. భర్త పక్కనుంటే కొన్ని చెప్పడానికి ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. అలాంటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి.

గుండె జబ్బు ఉన్నవారికి, 40 దాటినవారికి అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టే ముందు చాలామంది డాక్టర్లు ఈసీజీ తీయిస్తారు. వాళ్లు అడగకపోతే మీరు అడగండి.

ఇక మందుల సంచి విప్పండి. అందులో ట్రమడాల్ ఉందా, చూడండి. నడుం నొప్పికి, కాళ్ల నొప్పికి మన దగ్గర దాన్ని బాగా రాస్తారు, పారాసెటమాల్‌తో కలిపిన మాత్రల్లోనూ ఉంటుంది. ట్రమడాల్ ఈ మందులతో కలిస్తే ఫిట్స్, సెరటోనిన్ మితిమీరడం లాంటి ప్రమాదాలున్నాయి. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ విషయంలోనూ జాగ్రత్త. డులాక్సెటిన్ వాడేవారు, ఎవరైనా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే, ఆ మాట చెప్పాలి. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివాటితో డులాక్సెటిన్ కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది.

3. స్ట్రిప్ మీద పేరూ అంకే చదవండి

ఇది నా వృత్తి మాట, శ్రద్ధగా చదవండి. అమిట్రిప్టిలిన్ 10, 25, 75 మి.గ్రా. లాంటి వేర్వేరు మోతాదుల్లో దొరుకుతుంది. చీటీలో 10 ఉంటే స్ట్రిప్ మీద 10 ఉండాలి. "10 లేదు, 25లో సగం వేసుకోండి" అని షాపులో అంటే డాక్టరును అడగకుండా ఒప్పుకోకండి.

అమిట్రిప్టిలిన్‌తో క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిపిన మాత్రలూ ఉన్నాయి. అది నిద్రమాత్రల జాతిది, అలవాటు పడే గుణం ఉంది. మీకు రాసింది ఒట్టి అమిట్రిప్టిలిన్ అయితే అదే తీసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు కాంబినేషన్ మాత్రలతో వస్తాయి. ప్రెగాబలిన్ (నరాల నొప్పికే వాడే ఇంకో రకం మందు) 75, నార్‌ట్రిప్టిలిన్ 10 కలిపిన మాత్ర మన ఊళ్లలో బాగా నడుస్తుంది. కొన్నింటిలో మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్‌లో ఒక రకం) కూడా కలిపి ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని "నరాల విటమిన్" అనుకుంటారు. నార్‌ట్రిప్టిలిన్ అమిట్రిప్టిలిన్‌కు చెల్లెలి లాంటిది. ఎముకల డాక్టరు ఇది రాస్తే, షుగర్ డాక్టరు అమిట్రిప్టిలిన్ రాస్తే, మీరు ఒకే రకం మందు రెండుసార్లు వేసుకుంటున్నట్టు. పొద్దున లేచి తూలి బాత్‌రూమ్‌లో పడిపోయిన ఒక మేష్టారి సంచిలో ఈ రెండూ కనబడ్డాయి. ఇద్దరు డాక్టర్ల తప్పూ కాదు, రెండో చీటీ ఎవరికీ చూపించలేదు.

4. వేసుకునే వేళ

అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్: రాత్రి పూట, పడుకోవడానికి గంట రెండు గంటల ముందు. పది గంటలకు పడుకుంటే ఎనిమిదింటికి, రాత్రి భోజనమయ్యాక. చీటీలో "0-0-1" అంటే రాత్రి ఒక్కటే. పొద్దున మత్తు వదలకపోతే ఇంకో గంట ముందుకు జరపండి.

డులాక్సెటిన్: ఎక్కువగా 30 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం తర్వాత 60కి పెంచుతారు. భోజనం చేసి వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. క్యాప్సూల్ విప్పి లోపలి గుళికలు నీళ్లలో కలుపుకోకండి, నమలకండి. పొట్టలోని ఆమ్లం నుంచి మందును కాపాడే పూత ఆ గుళికల మీదే ఉంటుంది.

రాత్రి మరిచిపోతే పొద్దున అమిట్రిప్టిలిన్ వేసుకోకండి, పగలంతా తూలుతారు. మర్నాడు రాత్రి మామూలుగా ఒక్కటే వేసుకోండి. రెండు కలపకండి.

మొదటి మాత్ర వేసుకున్న మర్నాడు బండి నడపకండి. ట్రాక్టర్, లారీ నడిపేవాళ్లు, పొలంలో పాములు తిరిగేచోట తెల్లారుజామునే మోటార్ వేయడానికి వెళ్లేవాళ్లు మొదటి మూడు నాలుగు రోజులు మరీ జాగ్రత్త. సెలవు రోజు ముందు రాత్రి మొదలుపెట్టడం మంచిది. మద్యం వద్దు.

5. మొదటి రెండు వారాలు దాటండి

ఎక్కువమంది మందు వదిలేసేది ఇక్కడే. సైడ్ ఎఫెక్టులు మొదటి రోజే వస్తాయి, నొప్పి తగ్గడం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ మొదలవదు. వరుస ఇలా ఉంటుందని తెలియక "నొప్పి పోలేదు, నోరు మాత్రం ఎండిపోతోంది" అని ఆపేస్తారు.

నోరు ఎండడం: నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి, పలచని మజ్జిగ, పంచదార లేని నిమ్మరసం. షుగర్ ఉన్నవాళ్లు చాక్లెట్లు చప్పరించకండి. రాత్రి పళ్లు తోముకోవడం మానకండి, ఎండిన నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి.

మలబద్ధకం: రోజూ ఏదో ఒక ఆకుకూర, నీళ్లు, కుదిరితే రాత్రి ఇసబ్‌గోల్ ఒక చెంచా. కిడ్నీ జబ్బో గుండె జబ్బో ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఆ కొలత దాటకండి.

లేవగానే కళ్లు తిరగడం: మంచం మీద కూర్చుని రెండు నిమిషాలు ఆగి లేవండి. రాత్రి బాత్‌రూమ్ దారిలో లైటు ఉంచండి. అరవై దాటినవాళ్లు పడితే తుంటి ఎముకకే ముప్పు. బీపీ మాత్ర కూడా రాత్రే వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి, వేళ మార్చవచ్చు.

డులాక్సెటిన్‌తో వికారం, చెమటలు, ఆకలి తగ్గడం ఉంటాయి. వికారం చాలామందికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. బీపీ పెరగవచ్చు, షుగర్ కొద్దిగా పెరగవచ్చు, రెండూ చూపించుకుంటూ ఉండండి.

ఇవి సర్దుకునేవి కావు, అదే రోజు డాక్టరు దగ్గరికి: మూత్రం బొత్తిగా ఆగిపోవడం, కన్ను ఎర్రబడి నొప్పితో చూపు మసకబారడం, గుండె గతి తప్పి కొట్టుకోవడం, స్పృహ తప్పడం, కళ్లు పచ్చబడడం. జ్వరం, వణుకు, చెమటలు, కండరాలు ఎగిరిపడడం, మనిషి తికమకగా మాట్లాడడం కలిసి వస్తే 108కి ఫోన్ చేయండి.

పాతికేళ్లలోపు వాళ్లలో ఈ జాతి మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. ఏ వయసు వాళ్లయినా మనిషి తీరులో తేడా వస్తే ఇంట్లోవాళ్లు ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

6. నెమ్మదిగా పెంచండి, కానీ పెంచండి

10 మి.గ్రా. అనేది మెట్టు, మజిలీ కాదు. చాలామంది ఆరు నెలలు 10 దగ్గరే ఉండిపోయి "నాకు పని చేయలేదు" అంటారు. అలవాటైతే డాక్టర్లు వారానికో రెండు వారాలకో 10 చొప్పున పెంచుతారు. కొందరికి 25, 30 చాలు, కొందరికి 50, 75 దాకా కావాలి. పెద్ద వయసువాళ్లకు ఇంకా నిదానంగా, తక్కువ దగ్గరే ఆపుతారు. మొదటి చీటీ తీసుకునే రోజే "ఎప్పుడు పెంచాలి, ఎంతవరకు పెంచాలి, ఏమైతే ఆపాలి" అని మూడు ప్రశ్నలు అడిగి నోట్‌బుక్‌లో రాయించుకోండి. సొంతంగా పెంచుకోకండి. డులాక్సెటిన్ 60 దాటించినా చాలామందికి పెద్దగా లాభం ఉండదు, సైడ్ ఎఫెక్టులే పెరుగుతాయి.

7. కొలవండి

మా అమ్మకు 68 ఏళ్ల వయసులో ఎడమ పక్కటెముకల మీద సర్పి వచ్చింది. పొక్కులు మూడు వారాల్లో మానాయి, నొప్పి నాలుగు నెలలైనా పోలేదు. పైట తగిలినా విలవిల్లాడేది. జాకెట్టు మానేసి పాత కాటన్ నైటీలోనే ఉండేది, నలుగురిలోకి రావడం మానేసింది. మందు మొదలుపెట్టాక ఎప్పుడడిగినా "అలాగే ఉందిరా" అనేది. నేను నోట్‌బుక్ పెట్టాను. రోజూ పడుకునే ముందు నాలుగు మాటలు:

- తేదీ, మోతాదు
- ఈ రోజు నొప్పి 0 నుంచి 10లో ఎంత
- రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది
- నొప్పి వల్ల చేయలేకపోయిన పని ఒకటి

మొదటి వారం నొప్పి 8, మెలకువ అయిదు సార్లు. మూడో వారం నొప్పి 7, మెలకువ రెండు సార్లు. ముందు నిద్ర బాగుపడింది. ఆరో వారం, 30 మి.గ్రా. దగ్గర, నొప్పి 4. 40కి పెంచితే మూత్రం సరిగా రావడం లేదంది, డాక్టరు మళ్లీ 30కే దించారు. ఆ తర్వాతి ఆదివారం జాకెట్టు వేసుకుని గుడికి బయల్దేరింది. నోట్‌బుక్‌లో నాలుగో గడి ఖాళీగా ఉంది. "అలాగే ఉంది" అన్నప్పటికీ ఇప్పటికీ ఎంత తేడానో ఆ పేజీలు చూశాకే అమ్మకూ తెలిసింది.

మీ లెక్క ఇలా చూడండి. మొదటి వారం సగటు నుంచి ఇప్పటి వారం సగటుకు మూడో వంతు దాకా తగ్గితే, అంటే 8 నుంచి 5.5కు వస్తే, మందు పని చేస్తున్నట్టే. సగానికి తగ్గితే చాలా మంచి ఫలితం. సున్నా కోసం చూడకండి. 2015లో అంతర్జాతీయ నిపుణుల బృందం పాత పరీక్షలన్నీ కలిపి చూస్తే, అమిట్రిప్టిలిన్ జాతి మందులు సుమారు నలుగురికి ఇచ్చినప్పుడు, ఉత్తుత్తి మాత్రతో వచ్చేదానికి అదనంగా ఒకరికి నొప్పి సగానికి తగ్గింది. డులాక్సెటిన్ జాతిలో ఆరేడుగురికి ఒకరు. అందరికీ పని చేయదన్నది నిజం. మీకు పని చేస్తుందో లేదో సరిగ్గా వాడి చూస్తేనే తెలుస్తుంది.

ఎంతకాలం చూడాలి? ఆరు నుంచి ఎనిమిది వారాలు. అందులో కనీసం రెండు వారాలు మీ ఒంటికి పడే గరిష్ఠ మోతాదు మీద ఉండాలి.

8. పడకపోతే దారులున్నాయి

అమిట్రిప్టిలిన్ పని చేసి మత్తు ఎక్కువైతే నార్‌ట్రిప్టిలిన్ అడగండి, కొంచెం తేలిక. ప్రొస్టేట్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డులాక్సెటిన్ వైపు మొగ్గుతారు. లివర్ జబ్బు, మద్యం, కిడ్నీ బాగా దెబ్బతినడం ఉంటే అది పనికిరాదు. ఇవి కాక ప్రెగాబలిన్, గాబపెంటిన్ ఉన్నాయి. సర్పి మచ్చ లాంటి చిన్న చోటికి లిడోకైన్ పట్టీలు ఉన్నాయి.

2022లో బ్రిటన్‌లో షుగర్ వల్ల నరాల నొప్పి ఉన్న 130 మందిపై అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రెగాబలిన్ పోల్చి చూశారు. దేనితో మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకటే. ఒకటి చాలనివాళ్లకు రెండోది కలిపితే ఇంకొంత తగ్గింది. కాబట్టి పక్కింటి వాళ్లకు ఏది పడిందన్నది పట్టించుకోకండి, మీ ఒంటికి మిగతా జబ్బుల దృష్ట్యా ఏది క్షేమమో అది చూడండి.

నొప్పి తగ్గిందని పాదాలు బాగయ్యాయనుకోకండి. మందు నొప్పినే తగ్గిస్తుంది, పోయిన స్పర్శను తేదు. ఎండాకాలం గుడి చుట్టూ కాలే బండల మీద ప్రదక్షిణ చేసి బొబ్బలెక్కినా తెలియనివాళ్లున్నారు. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి. మంటలకు పాదాలు నీళ్లలో నానబెట్టకండి, చర్మం చీకి పుండ్లు పడతాయి. షుగర్ అదుపులో పెట్టుకోవడం మాత్ర పని కాదు, దాన్ని విడిగా చూసుకోవాలి.

9. ఆపేటప్పుడు

నొప్పి కొన్ని నెలలు తగ్గి నిలిస్తే తగ్గించి చూద్దామా అని డాక్టరును అడగండి. ఒక్కసారిగా ఆపకండి. ఇవి మత్తుమందుల్లా వ్యసనం పట్టించేవి కావు. కానీ హఠాత్తుగా మానితే తలనొప్పి, వికారం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. డులాక్సెటిన్ అయితే తలలో చిన్న కరెంట్ మెరుపుల్లాంటివి కొట్టి భయపెడతాయి. మామూలుగా నాలుగు వారాలు లేదా ఇంకా ఎక్కువ తీసుకుని మెట్లు దిగినట్టు తగ్గిస్తారు. ఊరికి వెళ్లేటప్పుడు, పండగలకు షాపులు మూసేటప్పుడు పది రోజుల మాత్రలు ముందే కొనిపెట్టుకోండి. తగ్గిస్తుండగా నోట్‌బుక్‌లో అంకె మళ్లీ పైకి వెళ్తే ముందు మెట్టుకు రావడం తప్పు కాదు.

మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంచకండి. అమిట్రిప్టిలిన్ కొన్ని మాత్రలు మింగినా చిన్నపిల్లల గుండె ఆగే ప్రమాదం ఉంది. వాడే స్ట్రిప్ కూడా దిండు కింద, ఫ్రిజ్ మీద కాకుండా తాళం వేసే చోట పెట్టండి. అదే నొప్పి అంటున్న చెల్లెలికో, తోటికోడలికో ఇవ్వకండి. ఆమె ఈసీజీ మీరు చూడలేదు.

వేసవిలో వచ్చిన ఆ పెద్దావిడకు ఇదంతా చెప్పి, మనవడి చేతనే డాక్టరుకు ఫోన్ చేయించాను. మళ్లీ మొదలుపెట్టారు. దసరాకు ముందు వచ్చి రెండు నెలల మాత్రలు తీసుకున్నారు. తడి తువ్వాలు మానేశారట.